ఇంటి చేప

నాకు అనుమానం ఎక్కువ. ఎవరో అంటున్న మాట కాదిది, నేనే ఒప్పుకుంటున్నాను. పాలు పోసినవాడు గుమ్మం దాటకముందే గిన్నె వంచి చూస్తాను. కూరగాయలవాడు పైపైన మంచి కాయలు చూపిస్తే బుట్ట అడుగుదాకా చెయ్యి పెడతాను. మా ఆయన ఆవలిస్తే నిజంగా నిద్రొచ్చి ఆవలిస్తున్నాడా, నా మాట తప్పించుకోడానికా అని ఒకసారి మొహంలోకి చూస్తాను. ఈ గుణం ఇంట్లో ఎవరికీ నచ్చదు గానీ ఉద్యోగంలో బాగానే పనికొచ్చింది.

నా ఉద్యోగం రేవులో చేపలు కొలవడం. పడవలు పొద్దున ఏడింటికల్లా వచ్చేస్తాయి. పెట్టెలు గట్టు మీదికి దిగగానే ప్రతి పడవలోంచీ నాకిష్టమైన ఒక పెట్టె పక్కకి లాగించి, వాటిలో చేపల్ని ఒక్కొక్కటిగా కొలతబల్ల మీద పెడతాను. మూతి చివరి చెక్కకి ఆనాలి, తోక చదునుగా పరుచుకోవాలి, అప్పుడు తోక కిందున్న అంకె చదివి పెన్సిలుతో రాసుకోవాలి. తడిచేతులతో రోజుకి నాలుగైదు వందల చేపలు. రేవులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ కొలతమ్మనే. మొదట్లో వెక్కిరింతగా పెట్టారు, ఇప్పుడు జీతం చీటీ ఇచ్చే గుమాస్తా కూడా అలాగే పిలుస్తున్నాడు.

కొలిచి ఏం చేస్తారని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. నాలుగేళ్ళ కిందట ఎర్రచేప బాగా తగ్గిపోయింది. పడవలవాళ్ళూ చేపల ఆఫీసువాళ్ళూ ఆర్నెల్లు తిట్టుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఏడాదికి రేవు మొత్తం కలిపి ఇన్ని టన్నులే పట్టాలి, ఏ పడవ వాటా ఎంతో ముందే పంచేస్తారు. ఇంకో మాట కూడా రాసుకున్నారు. ఏడాది ఆఖరి నెలలో నా బల్ల మీద చేప సగటు పొడవు నలభై సెంటీమీటర్ల కిందికి దిగితే పెద్ద చేపలు అయిపోతున్నాయని అర్థం, కాబట్టి మరుసటి ఏడాది పరిమితిలో మూడో వంతు కోసేస్తారు. అప్పుడిక బతిమాలుకోడాలూ, పెద్దవాళ్ళతో ఫోన్లు చేయించుకోడాలూ ఉండవు. బుర్రలు చల్లగా ఉన్నప్పుడే రాసిపెట్టుకుంటే వేడెక్కినప్పుడు కొట్టుకోనక్కర్లేదని వాళ్ళ ఆలోచన. ముప్పై ఒక్క పడవల యజమానులూ సంతకాలు పెట్టారు. అందరికంటే ముందు పెట్టింది మా బావగారు.

బావగారంటే మా ఆయన అన్నగారు. రేవులో అన్నిటికంటే చిన్న పడవ ఆయనది. ఆయన నడుపుతారు, మా ఆయన మరో ఐదుగురితో కలిసి వల లాగుతాడు. మూడో వంతు కోత పడితే ఆ వాటాతో డీజిలు కూడా గిట్టదని, పడవ ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటానని బావగారు ఇప్పటికే రెండుమూడు సార్లు అన్నారు. ఆయన ఇంట్లో కూర్చుంటే మా ఆయనా ఇంట్లో కూర్చోవాలి. నలభై ఆరేళ్ళ మనిషి, వల తప్ప ఇంకోటి పట్టుకోవడం తెలీదు, ఇంట్లో బల్బు మార్చమంటే పక్కింటాయన్ని పిలుస్తాడు.

ఈ ఏడాది మొదట్లో సగటు నలభై నాలుగు. తర్వాత నలభై మూడు. ఆ తర్వాత నలభై రెండుకి కాస్త తక్కువ. కిందటి నెల నలభై పాయింట్ ఆరుకి దిగింది. ఏడాది లెక్క తేల్చే సమావేశానికి ఇంకా నెల ఉంది. రోజూ సాయంత్రం అంకెలు రెండేసి సార్లు కూడుకునేదాన్ని.

చేపల ఆఫీసులో ఒక శాస్త్రవేత్త ఉన్నాడు, మేం గ్రాఫుల సారంటాం. కుర్చీ మీద, కిటికీ అంచు మీద, టిఫిను డబ్బా మీద కూడా గీతల కాగితాలే. కిందటి నెల అంకెలు ఇచ్చి వచ్చేస్తుంటే నన్ను వెనక్కి పిలిచాడు. ఆఫీసు పడవ తన వలతో సముద్రంలో పరీక్షకి పట్టిన చేపల్లో అరవై సెంటీమీటర్లవి బాగానే తగిలాయని, నా కాగితాల్లో మాత్రం యాభై అయిదు దాటినది నెలకి ఒకటి కూడా లేదని చూపించాడు.

"సముద్రంలో ఉన్నాయమ్మా, నీ బల్ల మీద లేవు. మధ్యలో ఎక్కడో పోతున్నాయి" అన్నాడు.

నాకు ఇంతకంటే ఏం కావాలి. ఆకలేసినవాడికి కంచం ముందు పెట్టినట్టయింది. ఎవరో పెద్ద చేపల్ని నాకు కనపడకుండా దాటించేస్తున్నారు, ఆ ఎవరో వల్ల మా ఆయన పని పోబోతోంది. వాణ్ణి పట్టుకోవాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను.

మొదట అనుమానించింది వేలంపాట నడిపే ఆయన్ని. పొద్దున్నే అందరికంటే ముందు పెట్టెల దగ్గర చేరేది ఆయనే, మూతలు తెరిచి సర్దేది ఆయనే. నాలుగు రోజులు ఆయన వెనకే తిరిగాను. ఆయన టీ తాగితే నేనూ తాగాను, ఆయన గోడౌన్లోకి వెళ్తే నేనూ చీపురు కోసమన్నట్టు వెళ్ళాను. ఐదో రోజు ఆయన ఆగి, పొట్ట ముందుకి పెట్టి, కొలతమ్మా, ఇందులో కూడా ఉన్నాయేమో కోసి చూసుకో అన్నాడు. అవసరమైతే చూస్తానన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

తర్వాత ఐసు లారీ. ఐసు దింపేసి ఖాళీగా వెళ్ళాల్సిన లారీ ఎప్పుడూ సగం ఐసుతో వెళ్తోందని గమనించాను. ఒకరోజు డ్రైవరు చెయ్యి కడుక్కోడానికి వెళ్ళగానే వెనకెక్కి, పలకపారతో కొంత, చేతులతో కొంత ఐసు తవ్వాను. వేళ్ళు తిమ్మిరెక్కి కొయ్యబారిపోయాయి. అడుగున దొరికింది డ్రైవరు మధ్యాహ్నం అన్నం డబ్బా. చల్లగా ఉంటుందని పెట్టుకున్నాడట, ఐసు పక్క రేవుకి ఇవ్వాల్సిన వాటాయట. నేను లారీ దిగేసరికి రేవంతా పని మానేసి నన్నే చూస్తోంది.

ఆ తర్వాత మూడు పడవలున్న పెద్దాయన. నడిసముద్రంలోనే వేరే పడవలోకి చేపలు మార్చేస్తాడని ఆయన మీద ఎప్పట్నుంచో గుసగుస. ఆయన పడవలు బయల్దేరిన వేళా తిరిగొచ్చిన వేళా రెండు వారాలు రాశాను. ఒక్క నిమిషం తేడా పట్టుకోలేకపోయాను. ఈలోగా నేను దగ్గరికి రాగానే మాటలు ఆగిపోవడం మొదలైంది. టీకొట్టు ఆవిడ కూడా నా గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి తిరిగిపోయేది. మా ఆయన మాత్రం సాయంత్రం నా మొహం చూసి, ఇవాళ ఎవరి లారీ ఎక్కావే అని అడిగి తనే నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇంట్లో ఒక్కడైనా నా పక్క ఉన్నాడు కదా అనిపించేది.

సమావేశం ఇంక పది రోజులుందనగా, ఒక ఆదివారం సాయంత్రం వంటింట్లో చేప కోస్తున్నాను. మా ఆయన పొద్దున తెచ్చిందే. చెక్క మీద పెడితే తల ఒకవైపు, తోక ఒకవైపు గాల్లో వేలాడుతున్నాయి. మూకుడులో పట్టదు, మూడు ముక్కలు చెయ్యాలి, పెద్ద కత్తి ఎక్కడ పెట్టానబ్బా అనుకుంటూనే, పని అలవాటు కొద్దీ జాన వేశాను. మూతి దగ్గర్నుంచి తోక దాకా దగ్గరదగ్గర మూడు జానలు. అరవై మూడో నాలుగో ఉంటుంది. నెలల తరబడి నా కొలతబల్ల మీద పడని చేప నా చెక్క మీద పడుంది.

కత్తి పక్కన పెట్టి స్టూలు మీద కూలబడ్డాను.

దీన్ని మేం ఇంటి చేప అంటాం. వల లాగినవాళ్ళు తలా ఒకటి ఇంటికి పట్టుకెళ్ళడం ఈ రేవు పుట్టినప్పట్నుంచీ ఉన్నదే. పెట్టెలు దింపకముందే ఎవరిది వాళ్ళు సంచిలో వేసుకుంటారు. దాన్ని తూచరు, కొలవరు, రాయరు. నా కళ్ళ ముందు నుంచే ఆ సంచులు రోజూ వెళ్తాయి, నేను తల వంచుకుని పెట్టెల్లో చేపలు కొలుస్తుంటాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన తెచ్చే ఇంటి చేప ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకున్నాను. మొప్ప చిరిగిందో, వలలో నలిగిందో, కన్ను పోయిందో, వేలంలో ఎవరూ తీసుకోనిది. ఇప్పుడు నా ముందున్నది నిగనిగలాడుతోంది, ఒంటి మీద గీత లేదు. ఈ మార్పు ఎప్పుడొచ్చిందా అని ఆలోచిస్తే, పరిమితి వచ్చిన ఏడాదే వచ్చింది. పెట్టెలోది వాటాలో పడుతుంది, సంచిలోది పడదు. అలాంటప్పుడు సంచిలోకి నలిగిన చేప ఎవరు వేసుకుంటారు? ముందు ఒకరిద్దరు వేసుకుని ఉంటారు, తర్వాత రేవంతా. మనుషులు రెండొందల పైన, రోజూ తలా ఒక మూడు కిలోల చేప.

పాలగిన్నె వంచి చూసే నేను మూడేళ్ళు ఆ చేప ముళ్ళు తీసుకుని తిన్నాను. ఒక్క పూటైనా అనుమానం రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మా ఆయన స్నానం చేసి రాగానే చెప్పాను. తల తుడుచుకుంటూ విన్నాడు. అది పట్టుబడి కాదని, ఇంటి చేపని, రెంటికీ ముడిపెట్టొద్దని అన్నాడు. ఆ సంగతి సముద్రానికి తెలుసా అన్నాను. వాటిని కూడా కలిపితే రేవు మొత్తం పరిమితి దాటేసినట్టు తేలుతుందని, ఆ కోత వేరేగా పడుతుందని, పొద్దస్తమానం వల లాగేవాళ్ళ ఇంటి కూర మీద నా కన్నేమిటని అన్నాడు. మాటలు సబబుగానే ఉన్నాయి. కానీ చెప్తున్నంతసేపూ తువ్వాలు మొహం మీంచి తియ్యలేదు. పంతొమ్మిదేళ్ళ కాపురం, ఈయన నాకు మొహం చాటేసి మాట్లాడింది ఎప్పుడో ఒకటి రెండు సార్లు. అప్పుడు నాకు చిన్న అనుమానం తగిలింది. ఇంట్లో కూడా మొదలుపెట్టకు అని నన్ను నేనే కసురుకున్నాను.

మర్నాడు గ్రాఫుల సారుకి చెప్పేశాను. కిటికీ అంచు మీది కాగితాలు కిందికి దించాడు. తర్వాత పెన్సిలు తీసుకుని, ఆ చేపలు కూడా కొలతలోకి వస్తే సగటు పెరుగుతుంది, నలభై కిందికి దిగే గండం తప్పుతుంది, కానీ పట్టిన బరువూ పెరుగుతుంది, దాటిన మేర వచ్చే ఏడాదిలోంచి తీసెయ్యాల్సి వస్తుంది అన్నాడు. రెంటిలో ఏది ఎక్కువో కొలిస్తే గానీ తెలీదు. పైగా ఎక్కువ గుడ్లు పెట్టేవి ఆ పెద్ద తల్లి చేపలేనని, ఎన్ని పోతున్నాయో తెలియకుండా నడిపే లెక్క లెక్కే కాదని అన్నాడు. వారం రోజులు అన్ని పడవల సంచులూ తూచి కొలవమన్నాడు. తలా ఒక చేప ఉంటే ఎవరికీ శిక్ష లేదు, రాసుకోవడమే. ఏ పడవతో మొదలుపెడతావని అడిగాడు. మా బావగారిదే అన్నాను. వేరేవాళ్ళది ముందు పట్టుకుంటే మొగుడి పడవ వదిలేసిందంటారు. ఈ మాట పైకి అన్నాను. మొహం మీంచి తియ్యని తువ్వాలు సంగతి అనలేదు.

మా ఆయనకి చెప్పలేదు. చెప్తే ఏమవుతుందోనని భయపడ్డాను, అందుకే చెప్పలేదు.

మర్నాడు బావగారి పడవ గట్టుకి ఆనగానే, దిగే చెక్క దగ్గర తూకం పెట్టుకుని నిలబడ్డాను. ఆఫీసు కాగితం చూపించాను. వల లాగే ఐదుగురూ ఒకరి వెనక ఒకరు గొణుక్కుంటూ సంచులు విప్పారు. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క చేప. యాభై ఎనిమిది, అరవై ఒకటి, అరవై, యాభై తొమ్మిది, అరవై రెండు. అన్నీ మచ్చలేనివే. రాసుకున్నాను, వాళ్ళవి వాళ్ళకి ఇచ్చేశాను. ఆఖర్న మా ఆయన వచ్చాడు. సంచి భుజాన ఉంది, నడక బరువుగా ఉంది. నన్ను చూసి చెక్క మధ్యలో ఆగిపోయాడు.

"ముందు పక్క పడవ చూసుకో అమ్మా, మాకు వల కడిగే పనుంది" అన్నారు బావగారు పైనుంచి.

సంచి కింద పెట్టమన్నాను. మా ఆయన పెట్టాడు. తూకం ముల్లు పద్నాలుగు కిలోల దగ్గర ఆగింది. నేను విప్పాను. నాలుగు చేపలు. మా ఇంటికి రోజూ వచ్చేది ఒకటి.

చుట్టూ అందరూ చూస్తున్నారు. వేలంపాట ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు. లెక్క వేరేవాళ్ళకి అర్థం కాకముందే సంచి మూతి కట్టేసి, ఒక చేప అని రాసేసుకోవచ్చు. పెన్సిలు నా చేతిలోనే ఉంది.

"మిగతా మూడు ఎక్కడికి పోతాయి?" అన్నాను.

"అమ్మా, ఇంటి మాటలు ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నారు బావగారు.

మా ఆయన అన్నగారి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. "గోడౌన్ వెనక ఒకడు వచ్చి పట్టుకెళ్తాడు. అన్నయ్య ఇమ్మంటే ఇస్తున్నాను. పరిమితి వచ్చినప్పట్నుంచీ" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "పడవ నిలబడాలి కదే" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపం చేపల గురించి కూడా కాదు. నేను ఐసులో చేతులు పెట్టి వేళ్ళు కొయ్యబారి ఇంటికొచ్చిన రోజు, ఆ వేళ్ళు తన అరచేతుల్లో పెట్టుకుని వెచ్చచేస్తూ, ఎవరి లారీ ఎక్కావే అని నవ్వాడు ఈ మనిషి. అప్పుడు ఆయనకి అంతా తెలుసు. నాలుగు చేపల్నీ ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టి కొలిచాను. అరవై ఒకటి, అరవై నాలుగు, యాభై తొమ్మిది, అరవై ఆరు. పడవ పేరు రాశాను, దాని పక్కన మా ఆయన పేరు రాశాను. అంకెలు శుభ్రంగానే పడ్డాయి.

వారం తిరిగేసరికి అన్ని పడవల సంచులూ కొలిచేశాం. చాలామటుకు తలా ఒకటే. బావగారిలా నడిపినవి ఇంకో రెండు పడవలు దొరికాయి. మూడు పడవల పెద్దాయన సంచులు మాత్రం రేవులోకెల్లా తేలిక, ఆయన పనివాళ్ళకి నలిగిన చేపే ఇస్తాడట. సంచులు కూడా కలిపి చూస్తే ఆఖరి నెల సగటు నలభై మూడు పైన తేలింది. మూడో వంతు కోత తప్పిపోయింది. దాటిన బరువు కింద వచ్చే ఏడాది పరిమితిలో పదో వంతు తీసేశారు, పడవలవాళ్ళు సణుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఇకనుంచి సంచి ముందు తూకం ఎక్కాలి, తర్వాతే మనిషి గట్టు దిగాలని ఒప్పందంలో చేర్చారు. దొంగచాటుగా అమ్మిన బావగారి పడవకీ, ఆ రెండు పడవలకీ ఒక సీజను లైసెన్సు ఆపేశారు.

టీకొట్టు ఆవిడ మళ్ళీ గ్లాసు చేతికే ఇస్తోంది. వేలంపాట ఆయన నవ్వుతున్నాడు. బావగారు దారిలో ఎదురైతే అవతలి పక్కకి దాటి నడుస్తారు, వాళ్ళింటి నుంచి మా ఇంటికి రాకపోకలు లేవు. మా ఆయనకి మూడు పడవల పెద్దాయన దగ్గర పని దొరికింది. ఈ మొత్తం విషయం గురించి నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. అన్నం తింటాడు, మా పిల్లదాని చదువు సంగతి అడుగుతాడు, పడుకుంటాడు. క్షమించమని నన్ను అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు. అడగాల్సింది ఎవరో కూడా నాకు సరిగా తెలీదు.

ఇప్పుడు ఆయన ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా తిన్నగా నా ముందుకొస్తాడు. నేను అడక్కుండానే సంచి మూతి విప్పి, అటూ ఇటూ వంచి, అడుగుదాకా చూపిస్తాడు. అందులో ఒకే ఒక నలిగిన చేప ఉంటుంది. వద్దులే, నేను చూడనక్కర్లేదు అని చెప్పాలని రోజూ అనుకుంటాను. ఇన్నాళ్ళైనా ఒక్కసారి కూడా చెప్పలేదు. రోజూ వంగి చూస్తూనే ఉన్నాను.